పెద్దాడి కంచం

"పెద్దాడొచ్చాడు! లేవండర్రా, కంచాలు పెట్టండి!"

వాషింగ్ మెషీన్ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ గుమ్మంలోనే ఆగి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. వాలుకుర్చీలోంచి చేతులు చాస్తున్న ముసలావిడ చూపు తిన్నగా తన మీదే ఉంది.

"అమ్మా, నేను మెషీన్ చూడ్డానికి..."

"చాల్లే సంబడం, నీ మెషీన్లూ నువ్వూ! అన్నం తిన్నావా?"

లేదని నిజం చెప్పడం అతను చేసిన మొదటి పొరపాటు. ఇల్లు తప్పి వచ్చానేమోనని తలుపు మీది నంబరు మళ్ళీ చూసుకున్నాడు. ఇల్లు ఇదే.

వంటింట్లోంచి ముసలావిడ కూతురు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి. అతన్ని పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

"ఏమనుకోకండి. మిమ్మల్ని పెద్దబ్బాయనుకుంటోంది అమ్మ. పెద్దాడొస్తే గానీ మెతుకు ముట్టనని నిన్నట్నుంచీ మొండికేసింది. గుండె మాత్రలు ఖాళీ కడుపున వెయ్యకూడదు. వెయ్యకుండా ఉంటే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. పక్కన కూచుని రెండు ముద్దలు తినండి, చాలు."

"ఆ పెద్దబ్బాయికి ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఎక్కడున్నాడో మాకూ తెలీదండీ."

ఇదెక్కడి గోలరా నాయనా అనుకున్నాడు మెకానిక్. ముందు పని చూసుకుంటానని తప్పించుకుని పెరట్లోకి వెళ్ళాడు. మెషీన్‌కి ఏ రోగమూ లేదు. ప్లగ్గు పెట్టలేదంతే. పెట్టగానే గిర్రున తిరిగింది. హమ్మయ్య, బయటపడొచ్చని హాల్లోకి వస్తే పనిముట్ల సంచి లేదు. ముసలావిడ ఒళ్ళో ఉంది.

"సంచి చేతికిస్తే మళ్ళీ పారిపోతాడు వీడు," అంది ఆవిడ, దాన్ని రెండు చేతులా పట్టుకుని.

ఇంతలో అతని ఫోన్ మోగింది. పెళ్ళాం.

"ఎక్కడున్నారు?"

"అమ్మ దగ్గర... అదే, పనిలో."

"మీ అమ్మ ఇక్కడే ఉందిగా! ఒంట్లో బానే ఉందా మీకు?"

అది అతనికీ అనుమానంగానే ఉంది.

కాలింగ్ బెల్ మోగింది. ముసలావిడ అల్లుడు చెమటలు కక్కుతూ లోపలికొచ్చి, "అందరూ వచ్చేశారా? ఈయన...?" అన్నాడు.

"పెద్దన్నయ్య," అంది కూతురు.

అల్లుడు రెప్ప కూడా వెయ్యలేదు. "నమస్కారం బావగారూ, కులాసానా?" అని చెయ్యి కలిపాడు. మెకానిక్ కూడా "కులాసానే" అనేశాడు.

"ఏమే, మొగుడు ఎండన పడొస్తే గుక్కెడు మంచినీళ్ళివ్వవా?" అని కసిరింది ముసలావిడ. కూతురు గ్లాసు అందించింది. "థాంక్సండీ," అన్నాడు అల్లుడు. పెళ్ళాం మంచినీళ్ళిస్తే థాంక్సు చెప్పే మొగుణ్ణి మెకానిక్ జన్మలో చూడలేదు. చదువుకున్నవాళ్ళ సంసారాలు ఇలాగే ఏడుస్తాయి కాబోలనుకున్నాడు.

నలుగురూ కూచున్నారు. ముసలావిడ కంచం ముట్టుకోలేదు.

"ఇన్నేళ్ళూ ఏమైపోయావురా? తల్లి బతికుందో చచ్చిందో అక్కర్లేదా నీకు?"

అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. ఎవడో చేసిన తప్పుకి తనేం చెప్పాలి? పోనీ పొమ్మని లేచి పోదామంటే ఆవిడ కంచంలో అన్నం అలాగే ఉంది. సంచీ ఆవిడ దగ్గరే ఉంది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. మందు కోసం ఆడిన అబద్ధమే అయినా ఎందుకో రెండు చేతులూ జోడించేశాడు.

"ఏడ్చావులే! ఇల్లంటే గోడలనుకున్నావా? ఒకరు వండాలి, ఒకరు తిట్టాలి, ఒకరు తిట్లు తినాలి. అప్పుడే అది సంసారం. నువ్వు లేకపోతే నా తిట్లన్నీ ఎవరికి పెట్టనురా?"

"నాకే పడుతున్నాయి అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

ముసలావిడ బోసినోటితో ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ముద్ద కలిపింది. ఆ ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా అక్కడెవరూ ఊపిరి తియ్యలేదు. ఇంకో ముద్ద, ఇంకోటి. కూతురు మాత్ర వేసి నీళ్ళు పట్టించింది. కాసేపటికి ఆవిడ కుర్చీలోనే కునుకు తీసింది. ఆవిడ చేతులకింద నుంచి సంచి మెల్లగా లాక్కున్నాడు మెకానిక్.

గుమ్మం దాటాక అతను ఉండబట్టలేకపోయాడు. సాగనంపడానికి వచ్చిన కూతురి మీద విరుచుకుపడ్డాడు.

"మీరేమనుకున్నా సరే, ఒక మాట అనకపోతే నాకు నిద్రపట్టదు. దారినపోయేవాణ్ణి కూచోబెట్టి కొడుకంటే కొడుకైపోతాడా? ఆ ప్రబుద్ధుడు ఏ గంగలో ఉన్నా వెతికి పట్టుకురావాల్సింది మీరు! మీ ఒంట్లో పారేది ఆవిడ రక్తమేగా? కన్నకూతురై ఉండి, తల్లికి పరాయివాణ్ణి తెచ్చి అంటగడతారా? కాస్తైనా సిగ్గనిపించదా?"

ఆవిడ నొచ్చుకోలేదు. లోపల నిద్ర చెడకుండా తలుపు దగ్గరగా వేసింది.

"నేనూ ఒకరోజు పార్సిల్ ఇవ్వడానికే వచ్చాను, అన్నయ్యా."