బుష్‌లూ మీసమూ

"రెండేళ్లన్నా కాలేదు, అప్పుడే అరిగాయా? నువ్వు వేసినవి బుష్‌లా, సబ్బు ముక్కలా?" అని మీసాలాయన కారు కిందికి వంగి అరిచాడు.

కారు కింద ఉన్నది మెకానిక్కు, స్వయానా ఆయన బావమరిది. కాబట్టి ఆయనకి అరిచే హక్కుంది, ఇతనికి లెక్కచెయ్యని హక్కుంది.

ఆ పాత కారు స్టీరింగ్ సంగతి వీధంతటికీ తెలుసు. పొద్దున తిప్పితే మధ్యాహ్నానికి చక్రం తిరిగేది. సగం చుట్టు ఉత్తినే పోయేది. అది ఎటొస్తుందో తేల్చుకోలేక కుక్కలు కూడా గోడలెక్కేవి.

బావమరిది పాక్కుంటూ బయటికొచ్చి, స్టీరింగ్ కడ్డీల కీళ్లలోంచి ఊడదీసిన బుష్‌లు అరచేతిలో పెట్టి చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డులా సాగింది.

"బావా, ఇది రోజూ తిరిగే బండి అరుగుదల. వారానికోసారి తీసే బండిది కాదు."

"ఆదివారం తప్ప గేటు దాటదురా! మధ్యాహ్నం నేను పడుకుంటే నాతోపాటు అదీ పడుకుంటుంది. రోజూ తిరిగిందని రుజువు చెయ్యి, ఈ మీసం తీసేస్తాను!"

ముప్పై ఏళ్ల మీసం. దానిమీద నిమ్మకాయ నిలబడుతుందని ఆయనే చెప్పుకునేవాడు. అది పోతే వీధిలో తలెత్తుకోవడం ఎలా?

"పందేనికి మీసమే దొరికిందా మీకు?" అంది భార్య, గుమ్మంలోంచి.

"నువ్వూరుకో."

ఊరుకుంది.

బావమరిది ఇత్తడి బుష్‌లు లేత్ మీద తీయించుకొచ్చి, వైసులో పెట్టి నొక్కి కూర్చోబెట్టి, గ్రీజు పట్టించి, బుధవారానికల్లా బావ ఇంటి కారు షెడ్డులోనే బిగించేశాడు.

"ఇక వేలితో తిప్పినా మాట వింటుంది బావా. ఆదివారం నువ్వే చూద్దువుగాని."

ఆదివారం రానే వచ్చింది. పక్క సీట్లో భార్య, వెనక బావమరిది. సందు మలుపులో మీసాలాయన అలవాటు కొద్దీ సగం చుట్టు ఎక్కువే తిప్పాడు. కారు ఒక్క ఉదుటున గోడ మీదికి ఉరికింది. భార్య చటుక్కున చెయ్యి చాపి స్టీరింగ్ వెనక్కి తిప్పింది. గోడకి జానెడు దూరంలో బండి ఆగింది.

"అంత తిప్పకండీ, కొత్త బుష్‌లు! గురువారం మధ్యాహ్నం నేనూ ఇక్కడే తడబడ్డాను."

మీసాలాయన చెయ్యి స్టీరింగ్ వదిలి మీసం మీదికి పోయింది.

వెనక సీటు గొంతు సవరించుకుంది. "బావా, నువ్విటు జరుగు. అక్కా, సెలూన్‌కి పోనీ."