పూత మీద పూత

"అమ్మా! నా జామెట్రీ బాక్సు ఎక్కడ పెట్టావ్?"

"ఆరుతోందే! కాసేపాగు," అని మూసిన తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది.

పాప తలుపు మీద రెండు దెబ్బలు వేసి, సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్న తండ్రి వైపు తిరిగింది.

"ఆరేది బాక్సు కాదమ్మా, మీ అమ్మ మొహం," అన్నాడాయన. "మనింటి గోడలకి కూడా నేనిన్ని పూతలు వేయించలేదు."

ఆ ఇంటి కోడలు పనిచేసేది ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే కంపెనీలో. పొద్దుటి నుంచీ చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ తిని, "మీ ఇబ్బందికి చింతిస్తున్నామండీ" అని మెత్తగా చెప్పడమే ఆ ఉద్యోగం. చెడేది వాళ్ళ ఫ్రిజ్, చచ్చేది ఈవిడ. ఇంటికొస్తే ఇక్కడా కంప్లైంట్లే. చొక్కా గుండీ ఊడిందని ఒకరు, గీజర్ వేడెక్కట్లేదని ఒకరు, లెక్కలు రావట్లేదని ఇంకొకరు. ఆఫీసులోనైతే ఎప్పుడో అప్పుడు ఫోను పెట్టేయొచ్చు, ఇంట్లో ఆ వీలు కూడా లేదు. చెప్పులు విప్పేసరికే ఒళ్ళు హూనమైపోయేది.

అలాంటి మనిషి వేసవి మొదట్లో ఒక సంచీ నిండా సీసాలు కొనుక్కొచ్చింది. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ముందు పల్చటిది, దాని మీద కాస్త చిక్కటిది, అన్నిటికన్నా పైన క్రీము. ఒకటి ఇంకితేనే ఇంకోటి రాయాలి. మధ్యలో మాట్లాడినా, మొహం కదిపినా చేసిందంతా వృథా," అని పాఠం చెప్పినట్టు చెప్పింది. ఇంకేదాకా తలుపు గడియ తియ్యనంది. రానురాను పూతలూ పెరిగాయి, గడియ పడి ఉండే సేపూ పెరిగింది.

ఇదంతా అత్తగారికి బొత్తిగా గిట్టలేదు. "అందం కొరుక్కు తింటామా? పోనీ, ఇన్ని పూసినందుకు మొహమేమన్నా మారిందా అంటే, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే," అని వినబడేలాగే సణిగేది.

అత్తగారి పట్టింపులు అత్తగారికీ ఉన్నాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక తలుపేసుకుని మోకాళ్ళకి నూనె పట్టించుకునేది. అది ఇంకేదాకా ఇంట్లో ఎవరూ పలకరించకూడదు. కొడుకు నిక్కర్లేసుకునే రోజుల నుంచీ ఇదే వరస. కరెంటుతో వేడెక్కే పట్టీ కొనిస్తే, నూనెకి సాటి రాదని అటకెక్కించింది. సెలవు రోజుల్లో ఆ నూనె వెచ్చచేసి గుమ్మం దాకా అందించేది కోడలే.

ఆ రోజు కోడలు గదిలోంచి రాగానే భర్త సోఫా మీంచి లేచి, జేబులోంచి ఒక ట్యూబు తీశాడు.

"ఇదిగో, నీ తిప్పలు తీరాయి! నీ సీసాలన్నీ కలిపి ఇందులోనే పెట్టాడు. ఇలా రాసుకోవడం, అలా వచ్చేయడం. ఆరే పనే లేదట!"

ట్యూబు చేతిలో పడగానే కోడలి మొహం వాడిపోయింది.

"నాకు పడకపోతేనో?"

"అందరికీ పడుతుందని రాశాడుగా."

"అలవాటైనవి ఉన్నట్టుండి మానకూడదండీ."

"మానెయ్, ఏమీ కాదు. సాయంత్రమంతా నీకు మిగిలిపోతుంది."

"అయితే రోజూ నాకు లెక్కలు చెప్తావామ్మా?" అంటూ పాప గంతేసింది.

కోడలికి ఏడుపొచ్చింది. క్రీము ట్యూబు చూసి ఏడవడమేమిటని తనని తనే తిట్టుకుంది. పాపం, ఆయన ప్రేమగా తెచ్చాడు, కోప్పడ్డానికీ లేదు. రేపటి సాయంత్రం తలుచుకుంటేనే దిగులేసింది.

"ఏదీ, ఇటివ్వు," అంది అత్తగారు.

ఇంకేముంది, అయిపోయిందనుకుంది కోడలు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ట్యూబుని అటూ ఇటూ తిప్పింది. కోడలి కళ్ళకేసి ఒకసారి చూసింది. ట్యూబు తీసుకెళ్ళి కొడుకు చేతిలో పెట్టింది.

"ఇటుకా సిమెంటూ రంగూ కలిపేసి ఒకేసారి గోడ మీద కొడతావట్రా? ఒకదాని మీద ఒకటి ఇంకాలి. దేనికి పట్టే టైము దానికి పడుతుంది."

"నిన్నటిదాకా దండగన్నది నువ్వేగా!"

"నిన్నటి మాట నిన్నటిది. నీ మొహానికి అది చాల్లే, నువ్వే రాసుకో. అమ్మాయ్, పద. ఏది ముందో ఏది వెనకో నాకూ చూపించు."

కోడలు గుమ్మానికి అడ్డంగా వచ్చింది. "ఇప్పుడెందుకులెండి అత్తయ్యా. చాలాసేపు పడుతుంది, కూర్చోలేరు."

"కూర్చుంటాలే, నడువు."

లోపలికెళ్ళాక అత్తగారే గడియ పెట్టింది. అద్దం ముందున్న మొదటి సీసా మూత తీసి అరచేతిలోకి వంచింది. ఏమీ పడలేదు. రెండోదీ అంతే. క్రీము డబ్బా తెరిస్తే అడుగు తుడిచినట్టుంది.

కోడలు తలొంచుకుంది.

"ఎప్పుడైపోయాయి?"

"వానలు మొదలవకముందే. మళ్ళీ కొనలేదత్తయ్యా. గడియ పెట్టుకుని పడుకుంటాను. ఒక్కోసారి నిద్ర కూడా రాదు, ఊరికే గోడ చూస్తూ ఉంటాను. ఆ కాసేపూ నన్నెవరూ ఏమీ అడగరు కదా అని... ఆయనకి చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

బయట తలుపు చప్పుడైంది. "అమ్మా, ఇంకెంతసేపు?"

"ఇంకా మొదటి పూతేనే! వెళ్ళు!" అని అత్తగారే కేకేసింది.

తర్వాత మంచం మీది దిండు తీసి గోడకానించి, చాప పరిచి, చటుక్కున బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అయ్యో, కింద కూర్చోకండత్తయ్యా! అసలే మీకు..." అంటూ కోడలు కంగారుగా చెయ్యి అందించబోయింది.

అత్తగారు దిండుకి జారగిలబడి, హాయిగా కళ్ళు మూసుకుంది.

"నా మోకాళ్ళకి ఏనాడూ నొప్పి లేదే, పిచ్చిదానా."