రెండు ముక్కులు

పొద్దుగాల్నుంచి ఈ పాత టీవీతోటి సస్తున్న. బీరువంత ఉంటది. లోపల ఎర్ర, పచ్చ, నీలం బొమ్మలు మూడూ అద్దం మీద పడి, తెర మీద ఒక్కటి గావాలె. అయితలేవు. వార్తలు చదివే ఆమెకు రెండు ముక్కులు!

అద్దం తుడిచిన. వెనక తిప్పేటియన్నీ తిప్పిన. స్క్రూలు గూడ అరిగినట్టున్నయ్, స్క్రూడ్రైవర్ ఒక్కదాంట్ల కూసుంటలేదు. అవతల ఎయిర్‌పోర్టు కిరాయి ఉంది, టాక్సీ తియ్యాలె.

"ఇప్పుడెట్లుందే?" అని అరిచిన.

"పొద్దుగాల మంచిగనే ఉండె," అన్నది నా భార్య ఈరమ్మ. "నువ్వు తిప్పినంకనే కరాబైంది."

నాకు ఒళ్లు మండింది. "పొద్దుగాల రెండు ముక్కులు కనవడలేదా? కండ్లు గిట్ల పోయినయా నీకు?"

స్క్రూడ్రైవర్ ఇసిరికొట్టి వాకిట్లకొచ్చిన. నెత్తి మీద ఒకటే మోత.

"ఈరమ్మా, ఉరికిరా! రెండు ఇమానాలు పక్కపక్కకే దిగుతున్నయ్. గుద్దుకుంటయేమోనే!"

ఆమె ఉరికొచ్చి పైకి చూసింది. తర్వాత నా మొకం చూసింది.

"ఒక్కటే ఉందయ్యా," అన్నది మెల్లగ.

లోపలికి పోయి, మేకుకున్న టాక్సీ తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకున్నది.