నాటకంలో సైరన్

కరీంనగర్ తిండి పండుగలో సర్వపిండి, ఖీమా కడుపునిండా తిని, ఆదివారం సాయంత్రం నాటకానికి వచ్చి కూర్చున్నారు మైసయ్య, అతని భార్య.

"ఏడాదికొక్కసారన్న గిట్ల తిరుగద్దా?" అంది ఆమె నవ్వుతూ.

హాల్లో లైట్లు ఆరిపోయాయి. చీకట్లో సైరన్ మోగింది.

మైసయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు. షిఫ్టు సైరన్ అయితే ఒకసారి మోగి ఊరుకుంటుంది. ఇది ఆగడం లేదు. బొగ్గుబాయిలో ప్రమాదమైతేనే ఇట్లా మోగుతుంది.

"కూసో, నాటకంలది," అని భార్య చొక్కా పట్టి లాగింది.

"ఇయ్యాల నా షిఫ్టుల నా బదులు పోశం బాయిల దిగిండే!"

స్టేజి మీద వెలుగొచ్చింది. కూలిన బాయి సెట్టింగు చూసి జనం చప్పట్లు కొట్టారు. అందరూ కూర్చునే ఉన్నారు. వాళ్ల వెనక వరుసలో మాత్రం ఇంకొకడు లేచి నిలబడి ఉన్నాడు.

పోశం.

మైసయ్యకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే అతని భుజం పట్టుకున్నాడు.

"మరి నా బదులు ఎవడు దిగిండురా?"

పోశం తల దించుకున్నాడు. "అన్నకు చెప్పకు అన్నడు... నీ తమ్ముడే."

ఈసారి భార్య కూసో అనలేదు. తానూ లేచి నిలబడింది.