కాకమ్మ కట్టిన ఇరవై గూళ్లు

గుడ్లు పెట్టే ఘడియ ముంచుకొస్తుంటే కాకమ్మ జామాయిల్ తోటలో గూడు మొదలెట్టింది. చెట్లన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు, తాడు పట్టి నాటినట్టు వరసలు. ఇంత దర్జా అయిన పేట ఇంకెక్కడుంటుందని దాని మురిపెం.

పొద్దుట్నుంచి ఇరవైసార్లు పుల్ల తెచ్చింది. మధ్యాహ్నం చూసుకుంటే గూడే లేదు! ఇరవై చెట్ల మీద తలా ఒక పుల్ల ఉంది.

"వదినా, ఇరవై మేడలు కడుతున్నావా?" పొలం గట్టు మీంచి ఉడుత కిచకిచలాడింది.

"నోర్ముయ్యవే! అన్నీ ఒక్కలాగే ఉంటే నాదేదో ఎలా తెలుస్తుంది?" కాకమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ మాటకు జామాయిల్ చెట్టుకు రోషం వచ్చింది. "గాలిలో పొగంతా మింగి, నాలుగేళ్లకే ఇంత పొడుగయ్యాం, తెలుసా?"

ఉడుత అందుకుంది. "నాలుగేళ్లకే గొడ్డలీ వస్తుందిగా బావా! మింగిందంతా పొయ్యిలో కక్కేస్తావు. మా నేరేడు తాతను చూడు, వందేళ్ల పొగ కడుపులోనే దాచుకున్నాడు. ఆ బాన పొట్ట ఊరికే వచ్చిందా?"

కాకమ్మ గట్టు వైపు చూసింది. ఒక వేప, రెండు తుమ్మలు, ఒక ఈత, వాటి మధ్య వంకర నేరేడు. ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. ఒక పుల్ల పట్టుకెళ్లి నేరేడు పంగలో పెట్టింది. రెండో పుల్లతో తిన్నగా అక్కడికే వచ్చి వాలింది. పొద్దు వాలేసరికి గూడు పూర్తయింది.

"వదినా, కిందనుంచి చూస్తే గూడు కాస్త వంకరగా ఉంది," అంది ఉడుత.

కాకమ్మ రెక్కలు సర్దుకుని కూర్చుంది. "పోవే! గుడ్డు పెట్టేటప్పుడు నవ్వించకు."