కట్టెకు కట్టిన కాకి

ధరూర్ దగ్గర పల్లిచేను కౌలుకు చేస్తున్న నిజాముద్దీన్, పోయినేడు విత్తనం తవ్వుకు తింటున్న ఒక కాకిని కొట్టి చంపాడు. మిగతావి బెదరాలని చేను నడుమ కట్టెకు దాని కాళ్లను తాడుతో రెండు చుట్లు తిప్పి ముడేసి వేలాడదీశాడు. ఆ పని అందరూ చేసేదే. కాకపోతే చీకటి పడ్డాక చేస్తారు. అతను పట్టపగలు, కరెంటు తీగల మీద కాకులన్నీ చూస్తుండగా చేశాడు.

ఆ తర్వాత ఒక్క కాకీ చేనులో దిగలేదు. అతను కనబడితే మాత్రం గుంపుగా అరిచేవి. ఈ ఏడు పుట్టిన పిల్లకాకులు కూడా అరుస్తున్నాయి.

"ఇవి అప్పుడు పుట్టనే లేవు గదమ్మా," అన్నాడు పక్క చేను అమృతమ్మతో.

"పెద్ద కాకులు నేర్పుంటయి, నిజామన్నా. జర మొఖానికి రుమాలు కట్టుకొని రా."

ఎర్ర రుమాలు కట్టుకుంటే నిజంగానే ఊరుకున్నాయి. నాలుగో రోజు, గట్టు మీద పెట్టిన ఆ రుమాలు కనబడకుండా పోయింది.

ఈ రాత్రి మోటారు వేయడానికి ఉత్త ముఖంతోనే వచ్చాడు. తీగల మీద కాకులు బారుగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ అరవలేదు. మోటారు వేశాక కాలువలో నీళ్లు పడుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

గట్టు మీద నిలబడి సెల్లు లైటు చేను నడుమకు తిప్పాడు. పాత కట్టెకు ఎర్ర రుమాలు వేలాడుతోంది. రెండు చుట్లు తిప్పి ముడేసి ఉంది.

చేనులో పెట్టబోయిన కాలును నిజాముద్దీన్ మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.