గొంతెవరిది

హర్షిణి పెదవులు కదులుతూనే ఉన్నాయి. పాట మాత్రం ఒక్క మాట దగ్గరే చిక్కుకుపోయింది. "బంతిపూలు... బంతిపూలు... బంతిపూలు..." అంటూ స్పీకర్లు అదే తిప్పితిప్పి పలుకుతున్నాయి.

హుస్నాబాద్ మార్కెట్ యార్డు నిండా జనం. మొదట నవ్వులు, తర్వాత ఈలలు, ఆ తర్వాత కేకలు. ఏడాది తిరగకుండానే యూట్యూబ్‌లో లక్షల మందిని ఊపేసిన ఖానాపూర్ పిల్ల తమ ముందు ఉత్తగా నోరు ఆడిస్తోందని అందరికీ తెలిసిపోయింది. ఎక్కడ చూసినా ఫోన్లు పైకి లేచాయి. ఆపరేటర్ కంగారుగా తీగ లాగేయడంతో ఆ ఒక్క మాటా ఆగిపోయింది.

నీళ్ల సీసా ఒకటి వచ్చి హర్షిణి కాళ్ల దగ్గర పడింది. ఇక తనను ఏ ఊరూ పిలవదని ఆమెకు అర్థమైంది. అయినా స్టేజీ దిగలేదు.

కొత్త జిన్నింగ్ మిల్లు తెరుస్తూ ఈ కార్యక్రమం పెట్టించిన రాజేశ్వర్‌రావు స్టేజీ ఎక్కాడు. ఆయన చెయ్యెత్తగానే అరుపులు తగ్గాయి.

"గీ పాట పాడింది నువ్వు కాదా, బిడ్డా?"

"కాదు సార్. ఒక్క పాట గూడ నేను పాడలే," అంది హర్షిణి, మైకులోనే. "ఆట నాది. గొంతు ఇంకొకామెది."

మరి ఎందుకు దాచావని ఆయన నిలదీశాడు. దాచమన్నది ఆమేనని, ఆడవాళ్లు పాడితే వాళ్లింట్లో గిట్టదని, ఇన్ని పాటలు పాడిన మనిషి ఇంట్లో ఏనాడూ కూనిరాగమైనా తీయలేదని హర్షిణి చెప్పింది. పేరు చెప్పమని జనం పట్టుబట్టారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా పేరు పోతే పోనియ్యిండ్రి. ఆమెకిచ్చిన మాట మాత్రం నేను తప్పను."

ఆ జవాబు రాజేశ్వర్‌రావుకు నచ్చింది. కోపమంతా ఆ కనిపించని ఇంటి మీదికి మళ్లింది. ఇంత మంచి గొంతును నాలుగు గోడల మధ్య నొక్కిపెట్టిన మూర్ఖులెవరని మండిపడ్డాడు. హర్షిణి చేతిలోని మైకు తీసుకుని జనం వైపు తిరిగాడు.

"ఆమె ఎవ్వలైనా సరే, జర గూడ ఫికర్ చెయ్యద్దు. ఇంట్ల ఒప్పుకోకుంటే నేను ఒప్పిస్త. గిది నా మాట. అందరు సాక్ష్యం."

చప్పట్లతో యార్డు దద్దరిల్లింది. అవి ఆగకముందే, ముందు వరుస సోఫాలోంచి ఆయన భార్య జానకీబాయి లేచింది. కొంగు నడుముకు చుట్టుకుని, తొణక్కుండా మెట్లెక్కింది. ఏమైనా కావాలా అన్నట్టు చూస్తున్న భర్త చేతిలోంచి మైకు అందుకుంది. పక్కకు జరగబోయిన హర్షిణిని చెయ్యి పట్టుకుని ఆపింది. గొంతు సవరించుకుని, జనంతో అంది:

"మా ఇంట్ల గిప్పుడే ఒప్పుకున్నరు."